గోతి ప్రక్క దీపము

వీథిలో గోయి త్రవ్వినప్పుడు దాని ప్రక్క ఒక ఎఱ్ఱ గుడ్డనో, దీపమునో ఉంచుట మనకు మిక్కిలి సామాన్యమైన విషయముగా తోచును. దానికిని ఒక చరిత్ర కలదనియు, ఆ చరిత్రలో పార్లమెంటు శాసనములును, న్యాయస్థానముల వాదములును, ఒక అంధుని దుఃఖమును ఇమిడియున్నవనియు మనము తలంపము. ఆ కథ స్పష్టముగా కానవచ్చునది ఇంగ్లండు దేశపు వీథులలో. దానినే నేడు పాఠకులకు విన్నవింప నెంచితిమి.

1807లో ఫ్రెడరిక్ విన్సర్ అను నతడు లండనులోని పాల్ మాల్ వీథిలో గ్యాసుదీపములను వెలిగించి జనులను ఆశ్చర్యపఱచెను. 1812లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీ రాజశాసనముతో ఏర్పడెను. దీపము స్తంభముపై వెలుగవలెనన్న గొట్టము నేలలో సాగవలెను. గొట్టము సాగవలెనన్న వీథిని చీల్చవలెను. నగరమునకు వెలుగు నిచ్చుటకు వచ్చినవారే చీకటిలో గోతులను కూడ తెచ్చిపెట్టిరి. మంచినీటి కంపెనీల త్రవ్వకములు దీనికి తోడయ్యెను.

ఇట్టి పనులను అడ్డుట సాధ్యము కాదు. అదుపులేక విడుచుటయు క్షేమము కాదు. అందుచే 1847లో పార్లమెంటు గ్యాసు కంపెనీలకును, నీటి కంపెనీలకును వర్తించు శాసనములను చేసెను. త్రవ్వుటకు ముందు వీథి అధికారులకు 3 దినముల నోటీసు ఈయవలెను. గోయి తెఱచియున్నంత కాలము దానికి కంచెయో కాపుదలయో ఉండవలెను. ప్రతి రాత్రియు బాటసారులను హెచ్చరించుటకు చాలినంత దీపము నిలుపవలెను. తప్పినవారికి 5 పౌనులకు మించని జరిమానా. ఇచట ‘చాలినంత’ అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఎవరికి చాలినంత? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

దీపము దానంతట అది వెలుగుచుండదు. చమురు పోయవలెను, వత్తి సవరింపవలెను, గాలికి ఆఱినచో మరల ముట్టింపవలెను. ఈ పనికై రాత్రి కావలివాడు ఏర్పడెను. గోతి చెంత చిన్న గుడిసె, గుడిసె ముందు కోకుబొగ్గు కుంపటి, గోతి పొడవునను ఎఱ్ఱ అద్దముల కిరసనాయిలు లాంతర్లు — ఇరువదవ శతాబ్ది నడుమ వఱకును ఆంగ్ల నగరములలో ఇది పరిచితమైన దృశ్యము. బ్యాటరీ దీపములు వచ్చిన పిదప ఆ కావలివాడు మెల్లగా మఱుగుపడెను.

ఇంతలో మోటారు కారు వచ్చెను. కాలినడకన పోవువానికి గోతి ప్రక్కనున్న దీపమే చాలును. గంటకు 30 మైళ్ళ వేగముతో వచ్చు కారు సెకనుకు 44 అడుగులు దాటును. గోతిని చూచిన పిమ్మట ఆగుదమన్న కాలము చాలదు. కావున హెచ్చరిక గోతి చెంతనుండి కదలి, దారిలో చాల ముందునకు రావలసివచ్చెను. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరమున వీథులకు గీతలు వేయు శాఖలో పనిచేసిన చార్లెస్ స్కాన్లన్, కారు తగిలినను విఱుగక మరల నిలువబడు శంకువును రూపొందించి, 1943లో పేటెంటు పొందెను. బ్రిటనులో 1958లో తెఱచిన ప్రెస్టన్ బైపాస్‌పై ఇట్టి శంకువులు ఎఱ్ఱ లాంతర్ల స్థానమును ఆక్రమించెను. 1965 నుండి అమలునకు వచ్చిన కొత్త గుర్తులలో, పార పట్టిన మనుష్యుని బొమ్మగల ఎఱ్ఱ త్రికోణము ఒకటి. దీనిని గీసినది మార్గరెట్ కాల్వర్ట్. గొడుగు విప్పలేక తంటాలు పడువానివలె నున్నాడని జనులు నవ్వుకొనిరి. అయినను అక్షరము రానివానికిని అది అర్థమయ్యెను.

అక్షరము రానివాని సంగతి సరే. చూపే లేనివాని మాటేమి? 1956లో లండనులో ఒక అంధుడు చేతికఱ్ఱతో, నిత్యము నడచు దారినే ఉద్యోగమునకు పోవుచుండెను. విద్యుత్ మండలి పనివారు ఆ కాలిబాటలో గోయి త్రవ్వి, అడ్డముగా పొడవాటి పిడిగల దిమ్మిసను పెట్టిరి. పిడి కొన 2 అడుగుల ఎత్తున కమ్మీపై ఆనియున్నది. బరువైన కొన నేలపై నున్నది. చూపుగలవానికి అది చాలిన హెచ్చరికయే. అంధుని కఱ్ఱ మాత్రము దానిని తాకక దాటిపోయెను. దిమ్మిస కాలికి తగిలి ఆయన పడి, తలకు దెబ్బ తగిలి, వినికిడిని కూడ కోల్పోయెను. కన్నులు లేనివానికి చెవులే కన్నులు, అవియు పోయినవి.

క్రింది న్యాయస్థానములు రెండును మండలి తప్పు లేదనెను. సామాన్యునికి చాలిన కాపుదల ఉన్నది గదా అని వాటి తర్కము. 1964లో ప్రభువుల సభ ఆ తీర్పులను త్రోసివేసెను. నగర వీథులలో అంధులు ఒంటరిగా నడచుట అరుదు కాదు. వారు వత్తురని త్రవ్వువాడు ముందే ఊహింపవలెను. పైగా తపాలా శాఖవారు తమ గోతుల చుట్టును 2 అడుగుల ఎత్తున తేలికైన కంచెను వాడుచునే యుండిరి. జాగ్రత్త కష్టసాధ్యమనుటకు తావు లేకపోయెను.

ఆ తీర్పులోని ధర్మము తరువాతి శాసనములో నిలిచినది. 1991 నాటి వీథి పనుల చట్టము, కాపుదలయు గుర్తులును ఏర్పఱచునపుడు వికలాంగుల అవసరములను ప్రత్యేకముగా గమనింపవలెనని విధించెను. నేడు అచట కాలిబాటపై పెట్టు కంచెలకు నేలకు దగ్గరగా ఒక అడ్డుపలక ఉండును. అంధుని కఱ్ఱకు తగులుటకే అది ఏర్పడినది.

మన దేశములో 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రహదారి పనులు జరుగుచోట భద్రతకై 2001లో మార్గదర్శకములను వెలువరించి, 2014లో సవరించినది. అయినను మన ఊళ్ళలో గోతిలో ఒక పచ్చికొమ్మను గ్రుచ్చుటయో, నాలుగు రాళ్ళు పేర్చుటయో నేటికిని చూచుచున్నాము. ఆ కొమ్మను నాటినవాని మనసును మేము తక్కువ చేయము. ఎదుటివాడు పడకూడదను తలంపు అందులోను కలదు. కాని పగటి కొమ్మ రాత్రి కానరాదు. రాత్రి దీపము అంధునికి కానరాదు. గోయి త్రవ్వువాడు, ఈ దారిన ఎవరెవరు వత్తురో ఒక్క క్షణము తలచుకొనవలెను. ‘చాలినంత’ అను మాటకు అర్థము అచటనే దొరకును.