జనం లేని దీవిని తయారుచేసిన కథ

హిందూ మహాసముద్రం నడుమ, కన్యాకుమారికి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో, అడుగు ముద్రలా కనిపించే పగడపు దీవి డియెగో గార్సియా. అక్కడి అమెరికన్ సైనికులు దాన్ని ‘స్వేచ్ఛ పాదముద్ర’ అని ముద్దుగా పిలుచుకుంటారు. 1991లోనూ 2003లోనూ ఇరాక్ మీదికి, 2001లో అఫ్ఘానిస్థాన్ మీదికి బీ-52 బాంబర్లు ఎగిరింది ఈ పాదం మీంచే. వేల మైళ్ల అవతలి దేశం మీద యుద్ధానికి దిగాలంటే దారిలో కాలు మోపే చోటు కావాలి. ఆ చోట అడిగేవాళ్లు ఉండకూడదు.

డియెగో గార్సియాలో ఉన్నారు.

18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాళ్లు మొజాంబిక్, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చి ఇక్కడ కొబ్బరితోటలు వేయించారు. 1814లో మారిషస్‌తో పాటు, డియెగో గార్సియా ఉన్న ఈ ఛాగోస్ దీవులూ బ్రిటన్ చేతికొచ్చాయి. బానిసత్వం రద్దయ్యాక దక్షిణ భారతం నుంచి కూలీలు కొందరు వచ్చి కలిశారు. తరాలు గడిచేసరికి వాళ్లకంటూ ఒక క్రియోల్ భాష, ఊళ్లు, చర్చి, శ్మశానం ఏర్పడ్డాయి.

1950ల చివర్లో అమెరికా నౌకాదళంలో స్టూవర్ట్ బార్బర్ అనే వ్యూహకర్త ఒక లెక్క వేశాడు. ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రమవుతున్నాయి. రేపు స్థావరాలు ఖాళీ చేయమంటారు. అందుకే ప్రధాన భూభాగాలకు దూరంగా, జనం పల్చగా ఉన్న చిన్న దీవులను ముందే చేజిక్కించుకోవాలి. బ్రిటన్ సరేనంది. 1965 నవంబరులో ఛాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసి కొత్త వలస ప్రాంతంగా ప్రకటించింది. స్వాతంత్ర్యం కోసం ఎదురుచూస్తున్న మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు ముట్టజెప్పింది. అలా చీల్చొద్దని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ డిసెంబరులోనే తీర్మానించినా వినిపించుకోలేదు. 1966లో దీవిని అమెరికాకు 50 ఏళ్లకు అప్పగించారు. బదులుగా బ్రిటన్‌కు పొలారిస్ క్షిపణుల ఖర్చులో 1.4 కోట్ల డాలర్ల రాయితీ. ఈ సంగతి అమెరికన్ కాంగ్రెస్‌కు సైతం చెప్పలేదు.

ఇక మనుషుల సంగతి. స్థానిక ప్రజలున్నారని ఒప్పుకుంటే వాళ్ల బాగోగుల గురించి సమితికి జవాబు చెప్పుకోవాలి. లండన్ అధికారులు కాగితం మీదే పని కానిచ్చారు: తాతముత్తాతల సమాధులు అక్కడే ఉన్నవాళ్లను తాత్కాలిక కాంట్రాక్టు కూలీలుగా రాసేశారు. ఆధునిక సామ్రాజ్యవాదానికి తుపాకి కంటే ముందు గుమాస్తా కావాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వైద్యానికనో సరుకులకనో మారిషస్ వెళ్లినవాళ్లను 1968 నుంచి తిరిగి ఓడ ఎక్కనివ్వలేదు. దీవులకు సరుకులు తగ్గించారు. 1971లో డియెగో గార్సియాను ఖాళీ చేయిస్తూ, అక్కడి పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పెట్టి వాహనాల పొగతో చంపారు. 1973కల్లా మిగతా దీవులూ ఖాళీ. రెండువేల మందికి అటూఇటూగా మారిషస్, సీషెల్స్ మురికివాడలకు చేరారు. బ్రిటన్ కన్నేసిన మరో దీవి అల్దాబ్రాలో రాక్షస తాబేళ్లున్నాయని శాస్త్రవేత్తలు గోల చేశారు. పౌండు పతనమూ తోడై 1967లో ఆ పథకం అటకెక్కింది. ఛాగోస్ మనుషుల కోసం అలా గోలచేసే విద్వాంసులు అప్పట్లో దొరకలేదు.

తరవాతి పోరాటమంతా కోర్టుల్లో నడిచింది. దీవివాసులను వెళ్లగొట్టడం చెల్లదని 2000లో లండన్ హైకోర్టు చెప్పింది. 2004లో ప్రభుత్వం పార్లమెంటును పక్కనబెట్టి, రాణి పేరిట ఉత్తర్వులతో మళ్లీ తలుపు మూసింది. 2010లో ఆ జలాలను సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. పర్యావరణ ప్రేమే అనుకుందామంటే, దీనివల్ల దీవివాసులు తిరిగి రావడం కష్టమవుతుందని బ్రిటిష్ అధికారి అమెరికన్లతో అన్న మాట వికీలీక్స్ పత్రాల్లో బయటపడింది.

2019లో అంతర్జాతీయ న్యాయస్థానం 13-1 ఓట్లతో విభజన చట్టవిరుద్ధమంది. చివరికి 2025 మే 22న బ్రిటన్, మారిషస్‌లు ఒప్పందానికొచ్చాయి. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది; స్థావరం మాత్రం 99 ఏళ్ల లీజు, ఏడాదికి సగటున 10.1 కోట్ల పౌండ్లు. మారిషస్ మిగతా దీవుల్లో జనాన్ని మళ్లీ కుదుర్చుకోవచ్చు, డియెగో గార్సియాలో కుదరదు. తమను అడగకుండా ఒప్పందమేమిటని ఆ దీవిలోనే పుట్టిన ఇద్దరు మహిళలు ఆ తెల్లవారుజామున హైకోర్టు నుంచి స్టే తెచ్చారు. మధ్యాహ్నానికి కోర్టు దాన్ని ఎత్తేసింది. అదే రోజు సంతకాలైపోయాయి.