పడమటి కొండలకు సైకిలు దారి

నేడు బీజింగ్ అని పిలువబడు పెకింగ్ మహానగరమునకు పడమటి దిక్కున కొండల వరుస యొకటి కలదు. పూర్వపు నగరద్వారమైన షీజిమెన్ నుండి ఆ కొండల పాదమునకు సుమారు 20 కిలోమీటర్లు. ఉదయమున సైకిలెక్కినవాడు దారిలో నాలుగు చోట్ల ఆగి, కొండ చూచి, దీపాలవేళకు ఇల్లు చేరగలడు. ఇందులో చరిత్ర యేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. చీనాలో సామాన్యునకు ఒక సైకిలును, ఒక తీరిక దినమును సమకూడుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ కథయే మనకిప్పుడు ప్రస్తుతము.

1866లో ఐరోపాకు పంపబడిన బిన్‌చున్ అను రాజోద్యోగి పారిస్ వీధులలో రెండు చక్రముల బండ్లపై పోవు మనుజులను చూచి ఆ వింతను తన యాత్రావిశేషములలో వ్రాసికొనెను. 1892లో అలెన్, సాక్ట్‌లెబెన్ అను ఇరువురు అమెరికా యువకులు కాన్‌స్టాంటినోపిల్ నుండి సైకిళ్ళపై ఆసియాఖండమును దాటి పెకింగ్ చేరిరి. అటుపైని చాలకాలము సైకిలు విదేశీయుల వస్తువుగను, ధనికుల వినోదముగను ఉండెను. సింహాసనము పోయినను రాజభవనముననే కాలము గడుపుచుండిన కడపటి చక్రవర్తి పూయీ సైకిలు నేర్చి, చక్రముల కడ్డు వచ్చుచున్నవని తరతరముల నాటి గడపలను కోయించెను. పసుపు రాచి పూజించు గడపను రంపమున కప్పగించుట మన యిండ్లలో ఊహింపరాని పని. అంత చేసినను కోట దాటి ఇచ్ఛవచ్చినట్లు పోవు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1924లో ఆయనను అక్కడినుండి వెడలగొట్టిరి.

సైకిలు సామాన్యుని వాకిటికి వచ్చినది 1950 తరువాతనే. ఆ యేట తియాన్‌జిన్ నగరమున ‘ఎగిరే పావురము’ అను పేరుగల సైకిలు తయారైనది. నల్లని రంగు, ఎత్తైన చక్రములు, గేర్లు లేవు, బరువు మాత్రము దండిగా కలదు. ఇంగ్లీషువారి రాలీ బండి పోలిక. డబ్బున్నంత మాత్రాన అది చేతికి వచ్చెడిది కాదు. కొన్ని నెలల జీతమును కూడబెట్టి, ఆపైని ప్రభుత్వపు కూపనుకై కాచుకొనవలెను. పెండ్లి కుదుర్చుకొనువారు ‘మూడు తిరుగుడులు, ఒక మ్రోత’ అను నాలుగు వస్తువులను కోరెడివారట. సైకిలు, కుట్టుమిషను, చేతిగడియారము తిరుగునవి, మ్రోగునది రేడియో. మొదటి మూడింటి మాట యెట్లున్నను, నాల్గవదాని విషయమున మన పాఠకులు ధన్యులే గదా!

ఇక తీరిక. వారమునకు ఆరు దినముల పని. రెండు దినముల సెలవు 1995 మే 1 నుండి గాని రాలేదు. అంతవరకు ఉన్న ఒక్క సెలవు దినముననే గుడ్డలుతుకుకొనవలెను, బజారు చేయవలెను, బంధువులను చూడవలెను. అట్టి దినము నంతయు కొండల కర్పించుట అల్పవిషయము కాదు. వసంతమున పచ్చిక త్రొక్కుటకును, తొమ్మిదవ నెల తొమ్మిదవనాడు ఎత్తైన చోటెక్కుటకును ఊరు వెడలుట చీనావారికి ప్రాచీనాచారము. సైకిలు వచ్చి ఆ ఆచారమునకు చక్రములు తొడిగినది.

ఆ దారిన మనమును పోదము. చక్రవర్తి త్రాగునీరు ఊటకొండ నుండి బండ్లపై షీజిమెన్ గుండనే వచ్చెడిది. కావున అది నీటి ద్వారమని పేరొందెను. భూగర్భ రైలుమార్గమునకై 1969లో దానిని పడగొట్టునప్పుడు గోడ గర్భమున పదునాల్గవ శతాబ్దిది మరియొక ద్వారము బయల్పడినది. దానినిగూడ పడగొట్టిరి! రైలు కావలసినదే, ఆ ద్వారము నొకదానినైనను మిగుల్పలేకపోవుట మాత్రము మాకు సమ్మతము కాదు.

కొంచెము దూరము పోగానే జంతుప్రదర్శనశాల వెనుక కాలువ యొడ్డున అయిదు గోపురముల ఆలయము కలదు. ఇచట మనవారు తప్పక సైకిలు దిగవలెను. పదునైదవ శతాబ్ది ఆరంభమున, యుంగ్‌లో చక్రవర్తి కాలమున, చీనావారు ‘పండితుడు’ అనియే పిలిచిన భారతీయ భిక్షువొకడు బుద్ధగయ ఆలయపు నమూనాను కానుకగా తెచ్చెనని ప్రతీతి. దాని ననుసరించి 1473లో ఈ కట్టడము పూర్తియైనది. ఎత్తైన రాతి వేదిక, దానిపై అయిదు శిఖరములు. చీనా శిల్పుల చేతిలో మన గయ కొంత రూపు మారినది, గుర్తుపట్టరానంతగా మారలేదు.

వేసవి రాజభవనము అందరెరిగినదే. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సైన్యములు తగులబెట్టినదానిని రాణి త్సీసీ తిరిగి కట్టించెను. దానిని దాటి కొండపాదము చేరిన పిదప శయనబుద్ధుని ఆలయము. 1321లో పోతపోసిన ఆ విగ్రహము అయిదు మీటర్లకు మించిన పొడవుగలది. ఆ స్వామికి రాజులు సమర్పించిన పెద్ద పెద్ద పాదరక్షలుగూడ అచట కలవు; అవి తొడిగికొని ఆయన లేచునని కాబోలు! దాపుననే ఉన్న నీలమేఘాలయమున మరల బుద్ధగయ పోలికయే, 1748 నాటిది. 1925లో గతించిన సన్ యట్ సేన్ భౌతికకాయమును 1929లో నాన్‌కింగ్‌కు తరలించువరకు ఇచటనే ఉంచిరి. ఆయన దుస్తులు నేటికిని ఆ గోపురముననే పదిలముగా నున్నవి. ఆ పైనిది సుగంధ పర్వతము. శరత్కాలమున ఆకులు ఎర్రవారినప్పుడు జనము త్రొక్కిసలాడుదురు. దాని శిఖరమును చూచి దయ్యములే దిగులుపడునని లోకుల చమత్కారము. కాని ఎత్తు 600 మీటర్లైనను లేదు. పొద్దుటినుండి బరువైన బండి త్రొక్కినవాడే ఆ పేరు పెట్టియుండునని మా అనుమానము.

1986లో పెకింగ్ ప్రజల ప్రయాణములలో నూటికి 60కి పైగా సైకిలు మీదనే సాగినవి. 2010 నాటికి 20కూడ నిలువలేదు. కార్లు దారులను ఆక్రమించినవి. 2019లో నగరపు ఉత్తరభాగమున ఆరున్నర కిలోమీటర్ల బాటను సైకిళ్ళకే ప్రత్యేకముగా నిర్మించిరి. ఒకప్పుడు వీధులన్నియు తమవియే యైనవారికి అంత కొలిచి ఇవ్వవలసివచ్చినది. ఇక పడమటి కొండలకు సెలవు దినములలో యువకులు నేడును పోవుచున్నారు. వారి బండ్లు తేలికైనవి, పెక్కు గేర్లు గలవి. పుట్టిన నాటినుండి వారికి శనివారముగూడ సెలవే.