హిజ్రీ కాలమానం

హిజ్రీ పూర్తిగా చంద్రుడి నడకను బట్టి సాగే ఇస్లామిక్ కాలమానం. మహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లిన క్రీ.శ. 622 దీనికి తొలి సంవత్సరం. ఈ లెక్కను ఖరారు చేసింది రెండో ఖలీఫా ఉమర్. ఇందులో రోజు సూర్యాస్తమయంతో, నెల నెలవంక కనిపించడంతో మొదలవుతాయి. రంజాన్ రేపా, ఎల్లుండా అన్న ఉత్కంఠ ఏటా తప్పనిది ఇందుకే.

అమావాస్యకూ అమావాస్యకూ మధ్య సగటున 29.53 రోజులు. అందువల్ల నెలకు 29 లేదా 30 రోజులు, ఏడాదికి 354 లేదా 355. సౌర సంవత్సరం కంటే ఇది సుమారు 11 రోజులు తక్కువ. తెలుగు పంచాంగంలోనూ మాసాలు చాంద్రమానమే గాని, లోటు నెల రోజులకు చేరేసరికి అధిక మాసం వచ్చి సర్దేస్తుంది. ఉగాది ఎప్పుడూ వసంతంలోనే రావడానికి కారణం అదే. హిజ్రీలో ఆ వెసులుబాటు లేదు. నెలలను ముందువెనుకలు చేసే పాత అరబ్బు ఆచారం ‘నసీ’ని ఖురాన్ తొమ్మిదో అధ్యాయం నిషేధించింది. దాంతో ప్రతి మాసమూ దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టివస్తుంది. మన పల్లెల్లో పీర్ల పండుగ ఒకప్పుడు ఎండల్లో, ఒకప్పుడు వానల్లో వస్తుంది. 2000లోనైతే జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు ఈదుల్ ఫితర్‌లు వచ్చాయి.

ఆరాధనకు ఇబ్బంది లేని ఈ లెక్క శిస్తు వసూలుకు మాత్రం పొసగలేదు. పంట సూర్యుణ్ని బట్టి చేతికొస్తుంది. హిజ్రీ ప్రకారం వసూలు చేస్తే 33 పంటలకు 34 శిస్తులు పడతాయి, రైతుకు ఇది అన్యాయమే. మొగలులు పంటల లెక్కకు ఫసలీ సంవత్సరాన్ని తెచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. ఉత్తరాదిన అక్బర్ కాలంలో మొదలైన ఈ పద్ధతి దక్కన్‌కు షాజహాన్ హయాంలో వచ్చింది. హిజ్రీ 1046 (క్రీ.శ. 1636) అంకెనే తీసుకుని, అక్కడి నుంచి సౌరమానంలో లెక్కించసాగారు. తెలుగు రాష్ట్రాల పహాణీలు, అడంగళ్లలో కనిపించే ఫసలీ ఇదే. క్రీస్తు శకం నుంచి 590 తీసేస్తే చాలు.

ఇప్పటి రెవెన్యూ లెక్కలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. 2024లో కొత్త హిజ్రీ సంవత్సరం కూడా అదే నెలలో వచ్చింది. అప్పటికి ఫసలీ 1434, హిజ్రీ 1446. ఒకే అంకె దగ్గర విడిపోయిన రెండు లెక్కల మధ్య 388 ఏళ్లలో పెరిగిన తేడా పన్నెండేళ్లు.