పేరు కాదు.. నంబరే యజమాని

పాత కంప్యూటర్ మూలన పడింది. దాని హార్డ్‌డిస్క్ ఊడదీసి కొత్తదానికి తగిలిస్తే పెళ్లి ఫొటోల ఫోల్డర్ కనిపిస్తూనే ఉంటుంది. తెరవబోతే మాత్రం ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. సొంతింటి గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేసినట్టు!

ఈ కాపలా మొదట ఇళ్ల కోసం పెట్టింది కాదు. ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకున్న రోజుల్లో పుట్టింది.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్లు కూర్చుని ఒకే కంప్యూటర్‌ను వాడుకోవచ్చు. ఒకరి ఫైళ్లు ఇంకొకరి కంట పడకుండా పాస్‌వర్డ్‌లూ వచ్చాయి. 1966లో అదే వ్యవస్థలో ఓ తమాషా జరిగింది. ఒకరు పాస్‌వర్డ్‌ల ఫైలును, మరొకరు లాగిన్ కాగానే కనిపించే సందేశాన్ని ఒకే సమయంలో దిద్దుతున్నారు. ఇద్దరి తాత్కాలిక ఫైళ్లకూ ఎడిటర్ ఒకే పేరు పెట్టింది. దాంతో రెండూ తారుమారై, లాగిన్ అయిన ప్రతివాళ్లకూ అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి.

తర్వాత బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను తయారుచేశారు. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన దాని తొలి మాన్యువల్‌లోనే సీహెచ్‌మాడ్, సీహెచ్‌ఓన్ అనే కమాండ్‌లు ఉన్నాయి. మొదటిది అనుమతులను, రెండోది యజమానిని మారుస్తుంది. అప్పట్లో యజమాని, ఇతరులు అని రెండే వర్గాలు. గ్రూపు తర్వాత వచ్చి చేరింది.

ఈ అనుమతుల లెక్క మాత్రం ఒకటో తరగతి కూడికే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఒక ఫైలు మీద 644 అని ఉందంటే యజమానికి నాలుగూ రెండూ కలిపి ఆరు, అంటే చదవొచ్చు, దిద్దొచ్చు. గ్రూపు వాళ్లకూ, మిగతా వాళ్లకూ చెరో నాలుగు. చదువుకోవడం వరకే.

అసలు చిక్కు యజమాని దగ్గర వస్తుంది. డిస్కు మీద ఉండేది పేరు కాదు, నంబరు. యూనిక్స్ దారిలో నడిచే ఉబుంటు లైనక్స్‌లో మొదటి యూజర్‌కు 1000 ఇస్తే, మ్యాక్‌లో 501 ఇస్తారు. అందుకే ఒక యంత్రంలో రాసిన ఫైలు ఇంకోదాంట్లో పరాయి మనిషిదైపోతుంది.

ఇళ్లలోని విండోస్‌కు ఈ గొడవ ఆలస్యంగా వచ్చింది. విండోస్ 98 లాంటివాటిలో వాడిన ఫ్యాట్ పద్ధతిలో ఫైలుకు యజమానే లేడు. 1993లో ఆఫీసుల కోసం వచ్చిన ఎన్‌టీలోని కట్టుదిట్టాలు 2001లో ఎక్స్‌పీతో ఇళ్లకు చేరాయి. ఇక్కడా నంబరే. సిస్టమ్‌ను ఫార్మాట్ చేసి, పాత పేరుతోనే కొత్త ఖాతా తెరిచినా విండోస్ దానికి ఎస్‌ఐడీ అనే వేరే గుర్తింపు నంబరు ఇస్తుంది. పాత ఫైళ్లు ఆ పేరును చూసి నమ్మవు.

అదృష్టం ఏమిటంటే, ఈ కాపలా కాసేది డిస్కు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. అడ్మినిస్ట్రేటర్ చెబితే వింటుంది. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే ‘ఓనర్’ పక్కన ‘చేంజ్’ ఉంటుంది. ముందు యజమానిని మార్చి, ఆపైన అనుమతి ఇచ్చుకోవాలి. లైనక్స్‌లో ఆ పని, అడ్మినిస్ట్రేటర్ అధికారమిచ్చే సుడోతో కలిసి సీహెచ్‌ఓన్ చేస్తుంది.

విసుగెత్తి సీహెచ్‌మాడ్‌తో 777 కొట్టేవాళ్లున్నారు. ఆ యంత్రంలో ఎవరైనా ఆ ఫైలును చదవొచ్చు, దిద్దొచ్చు, నడపొచ్చు అని దానర్థం. సీహెచ్‌ఓన్‌ను సొంత ఫోల్డర్ మీద కాకుండా మొత్తం సిస్టమ్ మీద నడిపితే సుడో కూడా పనిచేయడం మానేస్తుంది.

ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకు మాత్రం ఈ వైద్యమేదీ పనిచేయదు. యజమానిని మార్చినా తాళంచెవి రాదు. ఫార్మాట్ కొట్టే ముందే రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి.