కనబడని భార్య, కళ్లన్నీ భర్త మీద

వినాయక చవితి నాడు అక్షింతలు పట్టుకుని ఏటా వినే శమంతకోపాఖ్యానం ఒక మనిషి కనబడకుండా పోవడం చుట్టూ అల్లుకున్న కథ. వేటకు వెళ్లిన ప్రసేనుడు తిరిగి రాలేదు. అతని మెడలో ఉన్న మణిని అంతకుముందు కృష్ణుడు అడిగి ఉన్నాడు. ఇంకేం, మణి కోసం కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు అన్నాడు, ఆ మాట ఊరంతా పాకింది. కృష్ణుడు తన మంచితనం గురించి ఎవరికీ చెప్పుకోలేదు. జనాన్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవం, దాని దగ్గర సింహం అడుగులు, ఆ తర్వాత భల్లూకం జాడ, ఒకదాని వెంట ఒకటి చూసుకుంటూ గుహ దాకా పోయాడు. నీలాపనింద తొలగింది జాడ తీసినందువల్ల.

భార్య మాయమై, భర్త మీద లోకమంతా వేలు చూపిన కేసులను గత నూట ముప్ఫై ఏళ్లలో వరసగా చూసుకుంటూ వస్తే నాకు తోచింది ఇదే. భర్త ముఖం చూసి తీర్పు చెప్పినవాళ్లు కొన్నిసార్లు సరిగానే చెప్పారు, కొన్నిసార్లు ఒక నిర్దోషి బతుకును బుగ్గి చేశారు. ఆమె ఏమైందో తేల్చింది మాత్రం చాలావరకు ఆమెను ఎరిగి, ఆమె కోసం వెతికినవాళ్లే.

1897 మే 1 రాత్రి చికాగోలో అడాల్ఫ్ లూట్‌గర్ట్ అనే సాసేజ్ ఫ్యాక్టరీ యజమాని భార్య లూయిసా మాయమైంది. తనను వదిలి వెళ్లిపోయిందన్నాడు భర్త. పోలీసుల దగ్గరకు వెళ్లింది ఆమె సోదరుడు. ఫ్యాక్టరీలోని ఒక పెద్ద తొట్టిలో ఎముకల ముక్కలు, ఆమె పేరు పొడి అక్షరాలున్న ఉంగరం దొరికాయి. క్షారంలో శవాన్ని కరిగించాడన్నది అభియోగం. జనానికి అది చాలలేదు. ఆమెను సాసేజ్ చేసి అమ్మేశాడన్న పుకారు నగరమంతా తిరిగింది. ఇంకోపక్క ఆమెను ఫలానా ఊళ్లో చూశామంటూ ఎక్కడెక్కడి నుంచో మనుషులు లేచారు. రెండో విచారణలో, 1898లో, అతనికి యావజ్జీవ శిక్ష పడింది. ఈ కేసు తలచుకున్నవాళ్లకు నేటికీ ముందు గుర్తొచ్చేది ఆ సాసేజ్ పుకారే. లూయిసా ఎలాంటి మనిషో ఎవరూ అడగరు.

లండన్‌లో 1910 నాటి క్రిప్పెన్ కేసు ఇంకా లోతైనది. హాలీ హార్వీ క్రిప్పెన్ అమెరికా నుంచి వచ్చి హోమియోపతి మందుల వ్యాపారంలో స్థిరపడ్డవాడు. భార్య కోరా ‘బెల్ ఎల్మోర్’ అన్న పేరుతో మ్యూజిక్ హాళ్లలో పాడేది. గాయనిగా పెద్ద పేరు రాలేదు గాని, రంగస్థల కళాకారిణుల సహాయ సంఘంలో ఆమె కోశాధికారి, నలుగురికీ కావలసిన మనిషి. జనవరి 31 రాత్రి ఇంటికి భోజనానికి వచ్చిన దంపతులే ఆమెను చివరిసారి చూసింది. రెండు రోజులకు సంఘానికి ఆమె రాజీనామా ఉత్తరం చేరింది. చేతిరాత ఆమెది కాదు. అర్జంటుగా అమెరికా వెళ్లిందన్నాడు భర్త, కొన్ని వారాల తర్వాత అక్కడే చనిపోయిందన్నాడు. ఈలోగా ఫిబ్రవరిలో కళాకారుల విందుకు అతను తన టైపిస్టు ఎథెల్ లె నీవ్‌ను తీసుకొచ్చాడు. ఆమె పెట్టుకున్న బ్రోచ్ కోరాదని స్నేహితురాళ్లు గుర్తుపట్టారు.

నగలు భద్రంగా చూసుకునే మనిషి ఆ నగను ఇంకొకామెకు వదిలి సముద్రం దాటుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. అక్కడితో ఆగకుండా ఏ ఓడలో వెళ్లింది, ఎక్కడ చనిపోయింది అని అమెరికాకు రాసి ఆరా తీశారు. ఎక్కడా ఆధారం లేదు. చివరకు స్కాట్‌లాండ్ యార్డ్‌కు వెళ్లారు. జులై 8న ఇన్‌స్పెక్టర్ వాల్టర్ డ్యూ వచ్చి అడిగితే, భార్య ప్రియుడితో వెళ్లిపోయింది, పరువు పోతుందని చనిపోయిందని చెప్పానన్నాడు క్రిప్పెన్. అనుభవమున్న పోలీసు అధికారి ఆ మాట దాదాపు నమ్మాడు. మర్నాడే క్రిప్పెన్, మగవేషంలో ఉన్న ఎథెల్‌తో పరారయ్యాడు. 13న నేలమాళిగ ఇటుకల కింద మానవ దేహపు భాగాలు బయటపడ్డాయి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. మాంట్రోజ్ ఓడ కెప్టెన్ కెండల్ వాళ్లను గుర్తుపట్టి వైర్‌లెస్‌లో కబురు పంపాడు. డ్యూ ఇంకా వేగంగా పోయే ఓడెక్కి ముందే కెనడా చేరాడు. ఆ కొద్ది రోజులూ వెంటాట సంగతి ప్రపంచమంతా పత్రికల్లో చదువుతోంది, ఆ ఇద్దరికి మాత్రమే తెలియదు. జులై 31న అరెస్టు, నవంబరు 23న ఉరి. వైర్‌లెస్ పట్టించిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆ స్నేహితురాళ్లు పట్టుబట్టకపోతే వైర్‌లెస్‌కు పనే ఉండేది కాదు. ఉరి తర్వాత జనం మాట తిరగబడటం చూస్తే నాకు కోపమొస్తుంది. క్రిప్పెన్ సాధువు, పెళ్లామే గయ్యాళి, తాగుబోతు అన్న కథనం దశాబ్దాల పాటు పుస్తకాల్లో నడిచింది. ఆ దేహ భాగాలు కోరావి కావని 2007లో అమెరికాలో కొందరు డీఎన్ఏ పరీక్ష చేసి ప్రకటించారు. దాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. కోరాకు మాత్రం తన మాట చెప్పుకునే వీలు లేదు.

పదహారేళ్లకు ఇంగ్లండ్‌లోనే అంతకు పూర్తిగా భిన్నమైన ముగింపు. 1926 డిసెంబరు 3 రాత్రి అగాథా క్రిస్టీ కారులో ఇల్లు విడిచింది. కారు సర్రే కొండల అంచున దొరికింది. భర్త ఆర్చిబాల్డ్‌కు ఇంకో ఆమెతో సంబంధం ఉందని, విడాకులు అడిగాడని బయటపడింది. పోలీసులు అతనిపై కన్నేశారు, వేలమంది జనం పొదలు గాలించారు, విమానాలు తిరిగాయి. ఆర్థర్ కానన్ డాయిల్ ఆమె చేతితొడుగును ఆత్మలతో మాట్లాడతానన్న ఒకతనికి ఇచ్చి అడిగాడు. డిసెంబరు 14న ఆమె హారోగేట్‌లోని ఒక హోటల్లో క్షేమంగా కనబడింది, అదీ భర్త ప్రియురాలి ఇంటిపేరు పెట్టుకుని. గుర్తుపట్టింది ఆ హోటల్లో వాయిద్యాలు వాయించేవాళ్లు. ఆ క్షణం నుంచి జనానికి జాలి పోయి, పుస్తకాలు అమ్ముకోవడానికి నాటకమాడిందన్న నింద మొదలైంది. తల్లి పోయిన దుఃఖంలో, కాపురం కూలుతున్న వేళ ఒక మనిషి మనసు ఎలా చెదురుతుందో ఆలోచించడం వాళ్ల వల్ల కాలేదు. ఆమె తన ఆత్మకథలోనూ ఆ పదకొండు రోజుల ఊసెత్తలేదు.

ఆర్చిబాల్డ్ పేరున్న మాజీ సైనికాధికారి కాబట్టి నింద తట్టుకున్నాడు. చైనాలోని హుబే రాష్ట్రంలో షె శియాంగ్‌లిన్‌కు ఆ అదృష్టం లేదు. 1994 జనవరిలో మతిస్థిమితం సరిగాలేని భార్య ఇల్లు విడిచి పోయింది. కొన్ని నెలలకు ఒక చెరువులో ఆడమనిషి శవం తేలింది. అది ఆమేనన్నారు. అతన్ని కొట్టి ఒప్పించారు. ఉరి తీయాలని రెండు వందల మందికి పైగా సంతకాలు చేసి అర్జీ పెట్టారు. మొదట మరణశిక్ష, తర్వాత పదిహేనేళ్ల జైలు. అతని తల్లి కోడలి కోసం ఊరూరా తిరిగింది. అలాంటి ఆమెను చూశామని ఒక ఊరివాళ్లు రాసి కూడా ఇచ్చారు. ఆ తల్లినే నిర్బంధించారు, విడుదలయ్యాక ఎక్కువ కాలం బతకలేదు. 2005 మార్చిలో భార్య నడుచుకుంటూ సొంతూరికి వచ్చింది. అప్పటికి అతను జైల్లో పదకొండేళ్లు గడిపాడు.

ఇది దూరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఒక గిరిజనుడు తన భార్య కనబడటం లేదని తానే ఫిర్యాదు చేశాడు. వేరే చోట దొరికిన ఎముకల గూడు ఆమెదేనని పోలీసులు అతన్నే హంతకుణ్ణి చేశారు. ఏడాదిన్నర జైలు. డీఎన్ఏ సరిపోలేదు, అయినా కేసు నడిచింది. 2025 ఏప్రిల్‌లో ఆమె మడికేరిలో ఒక హోటల్లో కనబడింది. చూసింది అతని స్నేహితులు.

అలాగని భర్త మీద అనుమానమే అన్యాయమని నేను అనను. 2023లో ప్రపంచంలో హత్యకు గురైన దాదాపు 85,000 మంది స్త్రీలు, బాలికల్లో 51,100 మందిని చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబంలోని వాళ్లో అని ఐక్యరాజ్యసమితి లెక్క. నాలుగు గోడల మధ్య భార్యకు ఏమైందో భర్త చెప్పి తీరాలని మన సాక్ష్య చట్టం కూడా అడుగుతుంది. అడగాల్సిందే. మన ఊళ్లలో తరచు జరిగేది దీనికి విరుద్ధం. ఇల్లాలు కనబడలేదనగానే ముందు వచ్చే మాట ‘ఎవడితోనో లేచిపోయింది’. ఆ మాట నేరం చేసిన మగవాడికి ఎంత రక్షణో లూట్‌గర్ట్, క్రిప్పెన్ ఇద్దరికీ తెలుసు.

బెంగళూరులో స్వామి శ్రద్ధానందకూ తెలుసు. షకీరే ఖలీలీ మైసూరు దివాను, 1946–47లో హైదరాబాద్ ప్రధాని అయిన సర్ మీర్జా ఇస్మాయిల్ మనవరాలు. దౌత్యవేత్త అయిన భర్తతో విడిపోయి 1986లో ఇతన్ని పెళ్లాడింది. 1991 వేసవి నుంచి ఆమె కనబడలేదు. సొంతవాళ్లను వదిలి ఒక స్వామిని చేసుకున్న ధనవంతురాలు కదా, ఎక్కడికైనా పోయి ఉంటుందని సమాజం ఊరుకుంది. కూతురు సబా మాత్రం ఊరుకోలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ సవతి తండ్రి ఒక కొత్త కథ చెప్పేవాడు. హైదరాబాద్ వెళ్లిందనేవాడు, కచ్‌లో ఉందనేవాడు, గర్భవతి అయి అమెరికాలో రూజ్‌వెల్ట్ ఆసుపత్రిలో చేరిందనేవాడు. ఆ అమ్మాయి ప్రతి కథనూ ఆరా తీసింది. ఆసుపత్రిలో అలాంటి పేషెంటు లేదు. తల్లి పాస్‌పోర్టు బొంబాయిలో అతని హోటల్ గదిలోనే కనబడింది. పాస్‌పోర్టు లేకుండా అమెరికా ఎలా వెళుతుంది? 1992లో ఫిర్యాదు చేసింది. 1994 మార్చిలో రిచ్‌మండ్ రోడ్డులోని వాళ్ల సొంత ఇంటి పెరట్లో, నేల కింద పెట్టెలో, అస్థిపంజరం దొరికింది. ఆ మూడేళ్లూ అతను ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఆమె ఆస్తులు అమ్ముకున్నాడు. 2008లో సుప్రీంకోర్టు ఉరి తప్పించి, చచ్చేదాకా జైల్లోనే ఉండాలని తీర్పిచ్చింది. న్యాయవాదులు ఆ తీర్పును శిక్షల చరిత్రలో ఒక మలుపుగా చదువుకుంటారు. నేను దాన్ని ఒక కూతురి మొండిపట్టు ఫలితంగా చదువుతాను.

టీవీ వచ్చాక ముఖం చదవడం ఒక వ్యసనమైంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడేమోనని కోట్ల కళ్లు కనిపెట్టుకు కూర్చుంటాయి. 2002 డిసెంబరు 24న కాలిఫోర్నియాలోని మొడెస్టోలో ఎనిమిది నెలల గర్భిణి లేసీ పీటర్సన్ మాయమైంది. ఆమె కోసం కొవ్వొత్తులు వెలిగించిన సభలో భర్త స్కాట్ నవ్వుతున్న ఫొటోతోనే దేశం తేల్చేసింది. అతనికి శిక్ష పడటానికి ముఖ్య ఆధారం ఆ నవ్వు కాదు. తాను చేపలు పట్టడానికి వెళ్లానని చెప్పిన సముద్రపు పాయ ఒడ్డుకే తల్లీబిడ్డల దేహాలు కొట్టుకు రావడం. ముఖంతోనే తేల్చే పని ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియాలో లిండీ చాంబర్లెయిన్ చెబుతుంది. 1980లో పసిబిడ్డను డింగో ఎత్తుకుపోతే, ఈమె ఏడవడం లేదేమిటని లోకం హంతకురాలిని చేసింది. మూడేళ్లకు పైగా జైల్లో ఉంది.

లేసీ కన్నా కొన్ని నెలల ముందు, అదే శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు పాయలో ఇంకొక గర్భిణి దేహం దొరికింది. ఎవలిన్ హెర్నాండెజ్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన వలస కార్మికురాలు. ఆమెతోపాటు ఐదేళ్ల కొడుకూ మాయమయ్యాడు. ఏ చానెలూ ఆమె కోసం నెలల తరబడి కూర్చోలేదు. మన దగ్గర 2025 జనవరిలో హైదరాబాద్ మీర్‌పేటలో భార్య కనబడటం లేదన్న ఫిర్యాదు హత్య కేసుగా మారినప్పుడు, నలుగురి నోళ్లలో నానిందంతా శవాన్ని ఏం చేశారన్న ఆరోపణే. చికాగో తొట్టి దగ్గర గుమిగూడిన జనానికి మనమేమీ తీసిపోలేదు.

సిడ్నీలో లినెట్ డాసన్ కనబడకుండా పోయింది 1982 జనవరిలో. భర్త క్రిస్ రగ్బీ లీగ్ ఆడినవాడు, హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు. కొద్ది రోజులకే తన పాత విద్యార్థినిని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య కనబడటం లేదని పోలీసులకు చెప్పింది ఆరు వారాల తర్వాత. కొన్నాళ్లు ఒంటరిగా ఉంటానని వెళ్లిందన్న మాటను అందరూ నమ్మారు. నాలుగేళ్ల, రెండేళ్ల ఆడపిల్లల్ని ప్రాణంగా చూసుకునే తల్లి వాళ్లను వదిలి ఎక్కడికి పోతుందని పోలీసులు గట్టిగా అడగలేదు. 2001లో, 2003లో ఇద్దరు కరోనర్లు ఇది హత్యేనన్నా కేసు కోర్టుకెక్కలేదు. 2018లో హెడ్లీ థామస్ అనే విలేకరి చేసిన ఆడియో ధారావాహిక కోట్లమంది విన్నారు. ఆ ఏడాది డిసెంబరులో అరెస్టు జరిగింది. ఆ ప్రచారమే కేసును ముంచినంత పని కూడా చేసింది. న్యాయంగా విచారణ జరిగే వీలుండాలని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది, చివరకు జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విన్నారు. 2022 ఆగస్టు 30న జస్టిస్ ఇయాన్ హారిసన్ అతన్ని దోషి అన్నారు. ఆమెను చూశామన్న పాత సాక్ష్యాలను ఒక్కొక్కటే పరిశీలించి పక్కన పెట్టారు. 24 ఏళ్ల శిక్ష పడింది, 2024లో అప్పీలు కొట్టేశారు.

శవాన్ని ఎక్కడ పెట్టాడో హంతకుడు చెప్పకపోతే పెరోల్ ఇవ్వకూడదని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2022లోనే చట్టం చేసింది, దాన్ని జనం లినెట్ పేరుతోనే పిలుస్తారు. క్రిస్ డాసన్ ఇప్పటికీ చెప్పలేదు. శిక్ష పడిన రోజు ఆమె సోదరుడు విలేకరులను ఒక్కటే కోరాడు: ఇకమీదట ఆమెను ఆ భర్త ఇంటిపేరుతో రాయవద్దని, పుట్టింటి పేరుతో లినెట్ జాయ్ సిమ్స్ అని రాయమని.