నవ్వుల క్లబ్బు

నవ్వుల క్లబ్బు లేదా లాఫింగ్ క్లబ్ అంటే జోకుల ఊసు లేకుండా, కొంతమంది ఒకచోట చేరి వ్యాయామంలా నవ్వే బృందం. ఇందులో పాటించే పద్ధతికి హాస్య యోగా అని పేరు. ముంబైలో పుట్టి అనేక దేశాలకు పాకింది. వేదికెక్కి జోకులు చెప్పే హ్యూమర్ క్లబ్బులు వేరు. అక్కడ నవ్వించేవారు కొందరు, నవ్వేవారు కొందరు. ఇక్కడ అందరూ నవ్వేవారే.

పుట్టుక

ముంబై వైద్యుడు మదన్ కటారియా నవ్వు చేసే మేలు గురించి ఒక ఆరోగ్య పత్రికకు వ్యాసం సిద్ధం చేస్తూ, రాసేదేదో చేసి చూద్దామనుకున్నారు. 1995 మార్చి 13న అంధేరీలోని లోఖండ్‌వాలా పార్కులో ఐదుగురితో మొదలుపెట్టారు. మొదట్లో ఒకరి తర్వాత ఒకరు జోకులు చెప్పుకునేవారు. రెండు వారాలు తిరక్కుండానే మంచి జోకులు అయిపోయాయి. మిగిలినవి బూతు జోకులు, ఎవరినో ఒకరిని కించపరిచేవి. సభ్యులు నొచ్చుకున్నారు. దాంతో కటారియా జోకులు తీసేసి నవ్వు ఒక్కటే ఉంచారు. ఆయన భార్య మాధురి యోగా తెలిసిన మనిషి కావడంతో శ్వాస సాధన కూడా తోడైంది. 1998 జనవరిలో ముంబైలోనే తొలి ప్రపంచ నవ్వుల దినం జరిగింది. ఇప్పుడు దాన్ని ఏటా మే నెల మొదటి ఆదివారం జరుపుతున్నారు.

సాధన ఎలా ఉంటుంది

అరచేతులు పూర్తిగా తగిలేలా చప్పట్లు కొడుతూ ‘హో హో, హా హా హా’ అనడంతో మొదలవుతుంది. తర్వాత ఎదుటివారికి నమస్కారం పెట్టి, కళ్లలోకి చూస్తూ నవ్వాలి. లేని గ్లాసుల్లో లేని లస్సీని అటూ ఇటూ తిరగబోసి, గటగటా తాగినట్టు నటిస్తూ నవ్వేది లస్సీ నవ్వు. కళ్లు పెద్దవి చేసి, నాలుక బయటపెట్టి, చేతులు పంజాల్లా చాచి నవ్వేది సింహం నవ్వు. ప్రతి నవ్వు తర్వాతా గుండెల నిండా గాలి పీల్చి వదులుతారు. కొత్తవారికి మొదట్లో సిగ్గే. ఎదురుగా ఉన్న రిటైర్డు పెద్దాయన సింహంలా నాలుక చాపేసరికి, తెచ్చిపెట్టుకున్న నవ్వు కాస్తా నిజం నవ్వైపోతుంది.

నవ్వు నాలుగు విధాల చేటని పిల్లలను అదిలించే ఇళ్లు మనవి. భరతుడి నాట్యశాస్త్రం కూడా నవ్వును ఆరు రకాలుగా విడదీసి, పళ్లు కనపడని చిరునవ్వు ఉత్తములదనీ, ఒళ్లు మరిచి నవ్వేది అధములదనీ తేల్చింది. అలాంటి చోట పదిమందిలో పగలబడి నవ్వే వీలు దొరకడం, ముఖ్యంగా ఆడవారికి, చిన్న విషయం కాదు.

మనసుపై ప్రభావం

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ బజార్లలో, కాలేజీల్లో జనం మామూలుగా మాట్లాడుకుంటూ నవ్విన 1,200 సందర్భాలను గమనించారు. వాటిలో జోకు లాంటి మాటకు నవ్వినవి ఐదో వంతు కూడా లేవు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన తేల్చారు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం 2011లో, కడుపారా నవ్వినవారు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలరని చూపించింది. 2017లో ఫిన్‌లాండ్‌లో 12 మంది పురుషులకు స్నేహితులతో కలిసి హాస్య దృశ్యాలు చూశాక స్కానింగ్ చేస్తే, మెదడులో సహజమైన ఓపియాయిడ్ రసాయనాలు విడుదలైనట్టు తెలిసింది. అంటే నవ్వు చేసే మేలులో తోటి మనుషుల పాత్ర కూడా ఉందనుకోవచ్చు.

నకిలీ నవ్వూ అసలు నవ్వూ శరీరానికి ఒకటేనని క్లబ్బులవారు చెబుతుంటారు. అంత గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు. పళ్ల మధ్య పెన్ను పట్టుకుని ముఖం నవ్వినట్టు పెడితే కార్టూన్లు మరింత సరదాగా అనిపిస్తాయన్న 1988 నాటి ప్రయోగాన్ని, 2016లో 17 ప్రయోగశాలలు తిరిగి చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. హాస్య సినిమాలు చూసి నొప్పులు తగ్గించుకున్నానన్న అమెరికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1979 పుస్తకం ప్రపంచమంతా పేరు పొందింది. అయితే ఆయన విటమిన్ సి కూడా పెద్ద మోతాదులో తీసుకున్నారు. పైగా అది ఒక్క రోగి అనుభవం.

పరిమితులు

నవ్వినంత మాత్రాన మనసు బాగున్నట్టు కాదు. 1962లో ఆఫ్రికా దేశం టాంగన్యికాలోని కషాషా బాలికల పాఠశాలలో 159 మందిలో 95 మందికి ఆపుకోలేని నవ్వు అంటుకుని బడి మూసేయాల్సి వచ్చింది. దాన్ని ఒత్తిడి వల్ల వచ్చిన సామూహిక రుగ్మతగానే పరిశోధకులు లెక్కించారు. ఎవరు నవ్వినా తమను చూసే నవ్వుతున్నారని వణికే జెలోటోఫోబియా ఉన్నవారికి నవ్వుల క్లబ్బు నరకమే.

హెర్నియా, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు వైద్యుడిని అడగకుండా ఇందులో చేరకూడదు. డిప్రెషన్‌కు ఈ సాధన మందులకూ కౌన్సెలింగ్‌కూ తోడుగా పనికొస్తుందే తప్ప వాటి స్థానంలోకి రాదు. దిగులు రోజుల తరబడి వదలకపోతే, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.