చెంప మీది చుక్క

బరంపురంలో మా పాత ఇంటి ముందుగది గోడకు ఒక ఫొటో ఉండేది. కుర్చీ మీద నిలబడ్డ నాలుగేళ్ళ పిల్ల. మా అప్ప. 1961లో తీసిన ఫొటో అది. మరుసటి ఏడు అప్ప జ్వరంతో పోయింది. నేను పుట్టింది ఆ తరువాత. కనుక నాకు అప్ప అంటే ఆ ఫొటోయే. ఇంట్లో మరొకటి లేదు.

ఆ ఫొటో కథ అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో! స్టూడియోకి తీసుకువెళితే నల్లగుడ్డ కింద తల దూర్చిన మనిషిని చూసి అప్ప హడలిపోయిందట. అందుకని నాన్న ఆయన్నే ఇంటికి పిలిచారు. ఆయన దీపాలేవీ తేలేదు. వీధి తలుపులు రెండూ బార్లా తెరిపించి, గుమ్మానికి రెండడుగులు లోపలగా కుర్చీ వేయించాడు. ఎండ నేరుగా పడని వేళ. గుమ్మంలోంచి వచ్చే వెలుగు ఒక చెంప మీద పడుతోంది. నీడగా ఉన్న రెండో వైపు, చాకింటి నుంచి వచ్చిన నాన్న పంచెను మడత విప్పి పట్టుకు నిలబడమని అమ్మకు చెప్పాడు. ఫొటోలో అమ్మ కనబడదు. అప్ప కుడి చెంప మీది మెత్తని వెలుగు మాత్రం అమ్మ పట్టుకున్న పంచెది.

ఇలా కనబడకుండా నిలబడ్డ తల్లులు చరిత్రలో చాలామందే ఉన్నారు. 1839లో డగేర్ పద్ధతి లోకానికి తెలిసింది, 1851లో ఆర్చర్ తడిపలక పద్ధతి వచ్చింది. రెంటికీ మనిషి కొన్ని సెకన్లపాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళ తల వెనక ఇనుప ఊతం పెట్టేవారు. చంటిపిల్లలను ఏ ఇనుము ఆపుతుంది? తల్లికి దుప్పటి కప్పి కుర్చీలా కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి తీసేవారు. ఇంగ్లండులో, అమెరికాలో అటువంటి ఫొటోలు ఎన్నో మిగిలాయి. దుప్పటి కింద ఆ తల్లి ఆకారం తెలిసిపోతూనే ఉంటుంది.

కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఇంగ్లండులోని తన ఇంట్లో కెమెరా పట్టింది. కోళ్ళగూడును అద్దాల గదిగా మార్చుకుంది. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్లను తీసిన చిత్రాన్ని తన మొదటి విజయం అని చెప్పుకుంది. పలక మీద గీతలు పడ్డా, మరకలు పడ్డా చాలాసార్లు అలాగే వదిలేసేది. అప్పటి పెద్దలు అది చేతగానితనం అన్నారు. నాకు మాత్రం ఆవిడ పిల్లల మొహాల్లో ఉన్న ప్రాణం ఆనాటి సోకు స్టూడియోల బొమ్మల్లో కనిపించదు.

దిద్దడం అప్పటికే మొదలైంది. మ్యూనిక్ నగరపు హాన్‌ఫ్‌స్టెంగ్ల్ 1855 పారిస్ ప్రదర్శనలో దిద్దిన నెగెటివును, దాని ప్రింట్లను చూపించాడు. అయితే ఇది ఉత్త సోకు కోసమే వచ్చిందనుకుంటే పొరపాటు. ఆనాటి పలకలకు నీలం, ఊదా బాగా తెలిసేవి; పసుపు, ఎరుపు దాదాపు తెలిసేవే కావు. ఎర్రని కుంకుమ నల్లగా పడేది. పసుపు రాసిన మొహం ముదిరిపోయేది. చామనఛాయ పిల్ల ఉన్నదానికంటే నల్లగా దిగేది. లోపం పలకది, పేరు పిల్ల రంగుకి! 1873లో వోగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పలకల పూతలో రంగులు కలిపి ఈ గుడ్డితనానికి మందు కనిపెట్టాడు. అన్ని రంగులూ తెలిసే పలకలు 1906 నాటికి బజారులోకి వచ్చాయి. పలకకు చూపు వచ్చాక పెన్సిల్ పక్కన పెట్టవచ్చు కదా? పెట్టలేదు. తెల్లబరచడం అప్పటికి అలవాటై కూర్చుంది.

ఆ పెన్సిల్ పని మాత్రం చూడముచ్చటైనదే. ఏటవాలు బల్ల మీద నెగెటివు, కింద అద్దం, అద్దంలోంచి పైకి వచ్చే కిటికీ వెలుగు. నెగెటివు మీద పల్చగా ఒక మందు పూసి, సూదిలా చెక్కిన గట్టి పెన్సిలుతో చుక్కలు పెడతారు. నెగెటివులో అన్నీ తలకిందులు. మొహం మీది నల్లమచ్చ అక్కడ తెల్లటి కన్నంలా ఉంటుంది. పెన్సిలుతో ఆ కన్నం పూడిస్తే ప్రింటులో మచ్చ మాయం.

అప్ప ఎడమచెంప మీద పెద్ద దిష్టిచుక్క ఉంది. తుడిచేయమన్నాడట ఫొటోగ్రాఫరు. "చుక్క లేకుండా తీసేమాటైతే అసలు వద్దు" అందట అమ్మ. సరే, దిద్దేటప్పుడు పూడ్చేయవచ్చులే అనుకుని ఉంటాడని మొదట్లో అనుకునేవాణ్ణి. కాని పూడ్చలేదు. కళ్ళ కింద నీడ తగ్గించాడు, చుక్క జోలికి పోలేదు.

రంగుల ఫిలిం వచ్చాక పాత కథే మళ్ళీ నడిచింది. కొడాక్ లాబరేటరీలకు పంపే కొలత కార్డుల మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే అందరిదీ సరిగ్గా వచ్చినట్టే లెక్క. 1990లో నోల్ సోదరుల ఫొటోషాప్ వచ్చింది. 2002లో అందులోకి మచ్చలు మాన్పే కుంచె చేరింది. పక్కనున్న చర్మాన్ని తెచ్చి మచ్చ మీద అతుకు కనబడకుండా కప్పేస్తుంది అది. గంటసేపు పట్టే పెన్సిల్ పని ఒక్క నొక్కులో అయిపోయింది. ఇప్పుడు ఫోన్లు అడగకుండానే పిల్లల మొహాలను నున్నగా చేస్తున్నాయి. మా మనవరాలి ఫొటోలు ట్యూబులైటు కింద, మొహం మీద ఫ్లాష్ కొట్టి తీసి, తరువాత అరగంట దిద్దుతుంటారు. కిటికీ పక్కకు జరిపి, రెండోవైపు ఒక తెల్ల దుప్పటి పట్టుకుంటే ఆ అరగంట మిగులుతుందని చెబుతాను. విన్నవాళ్ళు లేరు.

ఆ మధ్య అప్ప ఫొటోకి బూజు పట్టింది. ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. ఒడియా కుర్రాడు, పనిమంతుడు. పది నిమిషాల్లో బూజు పోయింది, మడత గీత పోయింది. తెర మీద అప్ప మెరిసిపోతోంది. నాకెందుకో ఎవరో పరాయి పిల్లలా అనిపించింది. రంగు రెండు వన్నెలు తేలింది. చెంప మీద చుక్క లేదు.

చుక్క ఏదని అడిగాను. మచ్చ అనుకుని తీసేశానన్నాడు. కాటుక అన్నాను. అంతకంటే చెప్పనక్కర లేకపోయింది. వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలకు పెడతారు. నాలుక కరుచుకుని, "చూడలేదండీ, చెయ్యి దానంతటదే పోయింది" అన్నాడు తన తెలుగులో.

దిద్దిన పొర కింద అసలు ఫొటో అలాగే ఉంచాడట. చెంప దగ్గర పై పొరను కొంచెం కొంచెంగా చెరిపాడు. చుక్క వచ్చింది. రంగు కూడా వెనక్కి తెమ్మన్నాను. "నల్లగా వస్తుంది బాబుగారూ" అన్నాడు. రానీ అన్నాను.